అడవి నుంచి వచ్చిన పాము: మొదటి వారం

(విజయనగరంలో పాములు పట్టే యువకులు, పెంపకందారులు కలిసిన సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. బొబ్బిలి నుంచి, చీపురుపల్లి నుంచి, అటు పలాస, సోంపేట దాకా ఇంతమంది బళ్లేసుకుని వచ్చారు, చాలా సంతోషం. మీలో సగంమంది నాకు ఫోన్లో తెలిసినవాళ్లే. రాత్రి అన్నం తినే వేళకి ఫోన్ మోగుతుంది. "సార్, పామును పట్టాం, డబ్బాలో పెట్టాం. దీనికి ఏటి పెట్టాలి?" అందరిదీ ఇదే మొదటి ప్రశ్న. ప్రాణి మీద ప్రేమతోనే అడుగుతారు, అందులో నాకేం అనుమానం లేదు. నా జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. ఏమీ పెట్టొద్దు. చీకటి ఇవ్వండి, నీళ్లివ్వండి, దాని జోలికి వెళ్లకండి. ఈరోజు నేను చెప్పేదంతా ఈ జవాబుకి వివరణే.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఇక్కడ రెండు రకాలవాళ్లు కూర్చున్నారు. ఊళ్లో పాము కనిపిస్తే కబురొస్తే వెళ్లి పట్టి వదిలేవాళ్లు ఒకరు. ఇంట్లో బాల్ పైథాన్ లాంటి విదేశీ పామును పెంచుతున్నవాళ్లు, పెంచాలనుకుంటున్నవాళ్లు ఇంకొకరు. ఇద్దరికీ చట్టం వేరు. మన దేశపు పామును ఇంట్లో ఉంచుకోవడానికి ఎవరికీ హక్కు లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో పట్టుకోవడం కూడా వేటే. 2022లో ఆ చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నాగుపాము, రక్తపింజరి, జెర్రిపోతు, గిరినాగు అనే కింగ్ కోబ్రా, కొండచిలువ ఇవన్నీ ఇప్పుడు మొదటి షెడ్యూల్లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు, జరిమానా 25 వేలకు తగ్గదు. "జెర్రిపోతే కదా సార్, విషం లేదు కదా, వారం రోజులు ఉంచుకుని పిల్లలకి చూపిస్తాం" అనేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. పట్టేముందు అటవీ శాఖకి ఫోన్ చేయండి. పట్టాక కూడా చెప్పండి. అది మీకే రక్షణ.

సరే, చట్టం అక్కడితో ఆపుతాను. పాము సంగతికొద్దాం.

మీ చేతికి వచ్చేసరికి అది ఏ స్థితిలో ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఇంట్లో దూరింది. నలుగురు కేకలేశారు. కర్రతో ఒకటో రెండో పడ్డాయి. ఎవరో చీపురుతో మూలకి నెట్టారు, ఇంకెవరో కిరసనాయిలు చల్లారు. రెండు గంటలు బీరువా కింద ఇరుక్కుంది. తర్వాత మీరొచ్చి తోక పట్టి లాగారు. ఇవన్నీ అయ్యాక డబ్బాలో పడింది. బయటికి మాత్రం పడగ విప్పి బుస కొడుతూ బలంగా కనిపిస్తుంది. లోపల ఒంట్లో నీరు తగ్గిపోయి, దెబ్బలతో, బెదురుతో ఉంటుంది. పాము ఏడవదు, మూలగదు, కుంటదు. బాధ పైకి కనిపించే మొహం దానికి లేదు. అందుకే మనం బాగానే ఉందనుకుంటాం.

ఒకసారి చేపల చెరువు గట్టు మీది నైలాన్ వలలో చిక్కిన జెర్రిపోతును నా బల్ల మీదికి తెచ్చారు. మంచి ఎదిగిన పాము. వల దారం నడుము చుట్టూ ఎంత లోతుగా దిగిందంటే పొలుసుల మధ్య దారం కనిపించట్లేదు, దానికి ఇటూ అటూ వాచిన ఒళ్లు మాత్రమే కనిపిస్తోంది. తెచ్చిన కుర్రాడు దారిలోనే బ్లేడుతో కోయబోయాడట, పక్కవాడు ఆపాడట. ఆపినవాడికి దండం పెట్టాలి. బ్లేడు ఎప్పుడూ వాడకూడదు. మొన మొద్దుగా ఉన్న కత్తెర తీసుకోవాలి. వాచిన చోట కొంచెం నూనె రాసి, ఒక్కొక్క పోగునూ పైకెత్తి, తోకవైపు నుంచి కోసుకుంటూ రావాలి. ఒకరు తల పట్టుకోవాలి, ఇంకొకరు ఒంటిని కింద నుంచి ఆనించి ఉంచాలి. వేలాడదీయకూడదు. పోగులన్నీ వచ్చాక లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన బెటడిన్‌తో కడిగాం. అప్పుడు చూస్తే కంటి అంచున, గొంతు కింద, పొట్ట పొలుసుల చివర్ల కింద పిడుదులు. ఆముదం గింజ ముక్కల్లా అతుక్కుని ఉన్నాయి. ఆ పిడుదులు వలలో ఎక్కినవి కావు, అడవి నుంచే దానితో వచ్చాయి. అడవి పాముకి లోపలా బయటా ఇలాంటి అతిథులు ఎప్పుడూ ఉంటారు. అడవిలో ఉన్నంతకాలం పాము వాటితో నెట్టుకొస్తుంది. డబ్బాలో పడి, బెదిరి, తిండి మానేశాక అవే దాన్ని తినేస్తాయి. నేను చెప్పే మొదటి వారం విషయమంతా ఈ ఒక్క కారణం చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు డబ్బా దగ్గరికి వద్దాం. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్‌లో పెట్టి బండి ట్యాంకు మీద పెట్టుకుని తేవడం మన దగ్గర బాగా అలవాటు. వైశాఖ మాసపు ఎండలో అలా తెస్తే పాము ఊరు దాటేలోపే చచ్చిపోవచ్చు. ఒంటి వేడిని తగ్గించుకునే దారి దానికి లేదు, చల్లని చోటికి పారిపోవడం ఒక్కటే దారి. క్యాన్‌లో ఎక్కడికి పారిపోతుంది? పైగా లోపలి నుంచి వెలుగు కనిపిస్తుంది కాబట్టి అటే పోదామని ముక్కుతో పొడుస్తూనే ఉంటుంది. ఇనప జాలీ పెట్టె అయితే ఇంకా ఘోరం. రెండు రాత్రుల్లో ముక్కు చివర పొలుసు లేచిపోయి, పచ్చి మాంసం కనిపిస్తుంది. అక్కడి నుంచి చీము నోట్లోకి దిగుతుంది. పంటి చిగుళ్ల మీద జున్నులాంటి పసుపు తెట్టు కడుతుంది. అది వచ్చాక పాము తినదు, తినలేదు. నెలలు మందు వేయాలి.

మంచి పద్ధతి గుడ్డ సంచి. దిండు గలేబు లాంటిది, గాలి ఆడే నూలు గుడ్డ. ఒక చిన్న జాగ్రత్త చెప్తాను, చాలామందికి తెలియదు. సంచిని తిరగేసి వాడండి, కుట్టు బయటికి రావాలి. లోపల వేలాడే దారాలు పాము పళ్లకి, చిన్న పాములకైతే మెడకి చుట్టుకుంటాయి. సంచి మూతి మెలి తిప్పి ముడి వేసి, ఆ సంచిని బొక్కలు పెట్టిన గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. విషపు పామైతే డబ్బా తప్పనిసరి, గుడ్డలోంచి కోర దిగుతుంది. డబ్బా మీద పాము పేరు, దొరికిన ఊరు, చోటు, వేళ రాయండి. ఆ చోటు ఎందుకో తర్వాత చెప్తాను. ఒక సంచిలో ఒక్క పామే. కట్లపాము, గిరినాగు వేరే పాముల్ని తింటాయి.

తమిళనాడులో మహాబలిపురం దగ్గర ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో మొదలైంది. మన ఆసుపత్రుల్లో పాముకాటుకి ఇచ్చే మందు తయారీకి కావలసిన విషం అక్కడి నుంచి వెళ్తుంది. వాళ్లు అనుమతితో పాముల్ని పట్టి, మట్టి కుండల్లో ఉంచి, మూతికి నూలు గుడ్డ కట్టి, వారానికోసారి చొప్పున నాలుగుసార్లు విషం తీసి మళ్లీ అడవిలో వదిలేస్తారు. కుండే ఎందుకు? చల్లగా ఉంటుంది, గాలి ఆడుతుంది, చీకటిగా ఉంటుంది. పాముకి అది కలుగులాగే అనిపిస్తుంది. తరతరాలుగా పాముల్ని చూసినవాళ్లు కనిపెట్టిన ఇల్లు అది. మన ఊళ్లో కుమ్మరి కుండ దొరక్క కాదు, మనకు తోచక గాజు తొట్టి కొంటున్నాం.

నీళ్ల విషయం. పాముకి నీరు తగ్గిందా లేదా ఎలా తెలుస్తుంది? నడుము దగ్గర చర్మాన్ని మెల్లగా మడిచి వదిలితే మడత అలాగే నిలబడుతుంది. కళ్లు లోపలికి పోయినట్టుంటాయి. నోరు తెరిస్తే ఎంగిలి తీగలు సాగుతుంది. అలా ఉంటే, పాము ఒంటి మందంలో సగం మునిగేంత గోరువెచ్చని నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచండి. విషపు పామైతే మీరు చేయి పెట్టే పని లేకుండా డబ్బాలోనే నీళ్లు పోయండి. తల ఎత్తుకోలేనంత నీరసంగా ఉన్నదాన్ని మాత్రం నీళ్లలో పెట్టకండి, మునిగిపోతుంది. దాన్ని నేరుగా పశువైద్యుడి దగ్గరికి తీసుకురండి. నోట్లోకి సిరంజితో నీళ్లు కొట్టడం మానండి. గాలి పోయే కన్నం పాము నోట్లో ముందుభాగంలోనే ఉంటుంది. మన ఊళ్లలో దొరికే చాలా పాములకి పనిచేసే ఊపిరితిత్తి ఒక్కటే. మనలా దగ్గి బయటికి నెట్టే శక్తి కూడా లేదు. ఒక్క చుక్క లోపలికి పోతే నిమ్ము చేస్తుంది.

పాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కార్తీకం వస్తోంది, నాగుల చవితి వస్తోంది. పుట్టలో పాలు పోయడం మన అమ్మమ్మల నాటి భక్తి. నేను దాని జోలికి వెళ్లను, మా ఇంట్లోనూ పోస్తారు. నేను అడిగేది బుట్టలో పామును పెట్టుకుని వీధి వీధీ తిరిగేవాళ్ల గురించి. ఆ పాము పాలు తాగుతుంటే మనం చేతులు జోడిస్తాం. రోజుల తరబడి నీళ్లు లేకుండా ఎండగట్టిన పాము ముందు ఏది పోసినా తాగుతుంది. కొన్నిటికి కోరలు పీకేసి ఉంటాయి, కొన్నిటికి నోరు కుట్టేసి ఉంటుంది. పాలు దాని కడుపులో అరగవు. ఆ పండగ తర్వాత వారంలో అలాంటి పాములు ఎన్ని చచ్చిపోతాయో చూసినవాళ్లకి తెలుసు. మీ వీధిలోకి వస్తే ఆ పాముకి పైసా ఇవ్వకండి, అటవీ శాఖకి చెప్పండి. మీ అమ్మకి, నానమ్మకి మీరే మెల్లగా చెప్పండి. మీరు చెబితే వింటారు.

ఇప్పుడు పెంపకందారుల వైపు తిరుగుతాను. బాల్ పైథాన్ పశ్చిమ ఆఫ్రికా పాము. ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి దశాబ్దాలుగా ప్రపంచమంతటికీ పోతోంది. గుడ్డు నుంచి ఇళ్లలోనే పుట్టినవి ఉన్నాయి, కలుగులోంచి తవ్వి తీసినవీ ఉన్నాయి. మన దగ్గర అమ్మేవాడు ఎప్పుడూ "ఇంట్లో పుట్టిందే సార్" అంటాడు. బ్యాంకాక్ నుంచి వచ్చిన సూట్‌కేసుల్లో మూటలు కట్టిన పాములు చెన్నై విమానాశ్రయంలో పట్టుబడిన వార్తలు మీరూ చదువుతున్నారు. కాబట్టి కాగితం అడగండి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి విదేశీ జాతుల్ని కేంద్ర పర్యావరణ శాఖవాళ్ల పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా తెలియజేయాలి. కాగితం చూపించనివాడి దగ్గర కొంటే, ఆ సూట్‌కేసుకి మీరే డబ్బు కట్టినట్టు. అడవి నుంచి తీసిన పాము తెలిసి కొనొద్దని నా ప్రార్థన. కొనేసినవాళ్లు, ఎవరో వదిలేస్తే తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల కోసం చెప్తున్నాను.

ఇంట్లో వేరే పాము ఉంటే కొత్తదాన్ని వేరే గదిలో మూడు నెలలు ఉంచండి. ఒకే టవలు, ఒకే గిన్నె వాడొద్దు. ముందు పాతదాన్ని చూసుకుని, తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి. కింద తెల్ల కాగితం పరవండి. అందమైన కొబ్బరి పీచు, బెరడు ఇప్పుడు వద్దు. తెల్ల కాగితం మీద అయితే మిరియపు పొడిలా కదిలే మైట్లు, అంటే పాము నెత్తురు తాగే సన్న పురుగులు కనిపిస్తాయి, పెంట ఎలా ఉందో కనిపిస్తుంది, నెత్తురు కనిపిస్తుంది. ఆ పెంటని చిన్న డబ్బాలో పట్టి అదే రోజు పరీక్షకి తెండి. గరివిడిలో మనకి పశువైద్య కళాశాల ఉంది, దూరం పోనక్కర్లేదు. పరీక్ష చేయించకుండా నులిపురుగుల మందు వేయొద్దు. ముఖ్యంగా పశువులకి వేసే ఐవర్‌మెక్టిన్. గేదె బరువుకి లెక్కగట్టిన మందు అది. ఒక చుక్క తేడాతో చిన్న పాము పోతుంది. అదే ఇంట్లో తాబేలు ఉంటే దానికి అసలు తగలనివ్వకూడదు. మైట్లకి దోమల కాయిల్ వెలిగించడం, పురుగుల పొడి చల్లడం, పెట్టెని ఫినాయిల్‌తో కడగడం, ఇవన్నీ పామునే చంపుతాయి. పలచటి బ్లీచింగు నీళ్లతో కడిగి, మంచి నీళ్లతో మళ్లీ మళ్లీ కడిగి, ఎండబెట్టి వాడండి. పాము పెంటతో మనకి సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి వస్తుంది, ఆఫ్రికా నుంచి వచ్చిన పాముల్లో మనిషికి అంటుకునే ఇంకొన్ని పురుగులు కూడా ఉంటాయి. కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కోకుండా పిల్లలకి ముద్దలు కలపొద్దు. పాము గిన్నెలు వంటింటి సింకులో కడగొద్దు.

దాక్కోవడానికి రెండు గూళ్లు పెట్టండి, ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు. ఒక్కటే పెడితే పాము వేడికీ భద్రతకీ మధ్య ఏదో ఒకటి వదులుకోవాలి. గూడు ఇరుకుగా ఉండాలి, ఒళ్లు నాలుగు వైపులా తగలాలి. వెచ్చని వైపు 31, 32 డిగ్రీలు, చల్లని వైపు 26, 27. పుస్తకాలన్నీ వేడి దీపం గురించే రాస్తాయి. మన దగ్గర మే నెలలో చల్లని మూల దొరకడమే కష్టం. రేకుల గదిలో పాము పెట్టెకి వేడి దీపం ఏం చేసుకుంటారు? థర్మామీటరు రెండు వైపులా పెట్టండి, చేతితో తాకి చెప్పే లెక్క పనికిరాదు.

తిండి. ఇక్కడే అందరికీ టెన్షన్. వారం రోజుల దాకా చూపించనే వద్దు. ఆ తర్వాత కూడా తినకపోవచ్చు. కలుగులో ఆఫ్రికా ఎలుకని తిని పెరిగిన పాముకి దుకాణంలో కొన్న తెల్ల ఎలుక తిండిలా అనిపించదు, దాని వాసనే వేరు. బతికున్న ఎలుకని పెట్టెలో వదిలేసి నిద్రపోవద్దు. ఆకలి లేని పామును ఎలుకే కొరికి తింటుంది, వెన్నెముక కనిపించేలా కొరికేసిన పామును నేను కుట్టాను. చంపిన ఎలుకని గోరువెచ్చగా చేసి, చీకటి పడ్డాక గూడు ముందు పెట్టి, దీపం ఆర్పి, తలుపేసి వెళ్లిపోండి. పొద్దున్న అలాగే ఉంటే తీసేయండి, మళ్లీ వారం తర్వాత. మన ఇంటి ఎలుకల్ని పట్టి పెట్టకండి. ఏ ఎలుక ఎవరి ఇంట్లో మందు తిని వచ్చిందో మీకు తెలియదు, ఆ మందు పాము కడుపులోకి చేరుతుంది. తినలేదని నోరు తెరిచి కుక్కడం అన్నిటికంటే పెద్ద హింస. వారానికోసారి వంటింటి తూకంలో తూచి రాసుకోండి. మొదటి బరువులో పదో వంతు తగ్గితే అప్పుడు డాక్టరు దగ్గరికి రండి. నెలలు తినకపోయినా బరువు నిలబడిన పాము బాగానే ఉన్నట్టు. తిన్నాక రెండు రోజులు తాకొద్దు, తాకితే కక్కేస్తుంది. నోరు తెరిచి గాలి పీలుస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు వస్తున్నా, ఈల వేసినట్టు శబ్దం వస్తున్నా ఒక్క రోజు కూడా ఆగొద్దు.

కళ్లు నీలంగా మసకబారితే కుబుసం విడుస్తోందన్నమాట. ఎవరూ లాగొద్దు. కంటి మీద కూడా ఒక పొర వస్తుంది, గోరుతో గీకితే కన్నే పోతుంది. తడి గుడ్డ వేసిన గూడు ఒకటి పెడితే చాలు.

మళ్లీ మన ఊరి పాముల దగ్గరికి. డబ్బా మీద దొరికిన చోటు రాయమన్నాను కదా. "దూరంగా అడవిలో వదిలేశాం సార్, ఇక రాదు" అని గర్వంగా చెప్తారు. పాముకి తన చోటులో ప్రతి కలుగూ, ప్రతి నీటి గుంటా, చలికాలంలో ఎండ కాసే రాయీ తెలుసు. ఇరవై మైళ్ల అవతల వదిలితే ఏమీ తెలియదు. కర్ణాటకలో అగుంబే దగ్గర గిరినాగులకి రేడియో పరికరాలు అమర్చి వెంట తిరిగి చూశారు. వేరే చోట వదిలిన గిరినాగు సొంత చోటున్నదానికంటే చాలా ఎక్కువ దూరం తిరిగింది. అలా తిరిగేది ఇంకో ఊళ్లో దూరుతుంది, ఇంకొకరి కర్ర కింద పడుతుంది. దెబ్బ లేని పామును అటవీ శాఖవాళ్లతో మాట్లాడి, దొరికిన చోటికి దగ్గర్లోనే, ఇళ్లకి కొంచెం ఎడంగా, తుప్పలూ నీళ్లూ ఉన్నచోట, అదే రోజు వదలండి. నాగుపామును, కట్లపామును పొద్దుగూకాక, జెర్రిపోతును పగటిపూట. సంచి నేల మీద పెట్టి, ముడి విప్పి, మూల పట్టి మెల్లగా ఎత్తి వెనక్కి జరగండి. జనాన్ని పోగేసి, తోక పట్టి ఎత్తి, సెల్ఫీలు దిగి వదలొద్దు. అప్పటిదాకా పడ్డ శ్రమంతా ఆ ఐదు నిమిషాల్లో పాడవుతుంది, కాటు పడేది కూడా ఎక్కువగా అప్పుడే.

కాటు మాట వచ్చింది కాబట్టి ఇది వినండి. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి విషాలకే తయారైంది. గిరినాగు విషానికి అది పనిచేయదు. పార్వతీపురం, కురుపాం వైపు కొండల్లో తిరిగే తమ్ముళ్లు గిరినాగును ఎంత అలవాటున్నా ఒంటరిగా పట్టొద్దు. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, చేయి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి పెట్టదు, నొప్పి లేదని ఇంట్లో కూర్చోవద్దు.

ఇక మాటలు చాలు. నూలు సంచులు తెచ్చాను, ఖాళీవే. మూతి మెలి తిప్పి ముడి వేయడం, డబ్బాలో దించడం ఒక్కొక్కరి చేత చేయిస్తాను. ముందు వరసవాళ్లు బల్లలు కొంచెం వెనక్కి జరపండి, ఇద్దరిద్దరుగా రండి.